కోహిమా కోసం 1000 పాయింట్ల లిస్ట్: బోల్ట్ యాక్షన్‌లో 14వ సైన్యం, సలహాలు కావాలి

కొత్త_సుబేదార్

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి. బోల్ట్ యాక్షన్, అంటే బొమ్మ సైనికులతో టేబుల్ మీద ఆడే రెండో ప్రపంచ యుద్ధం ఆట, మొదలుపెట్టి నాలుగు నెలలైంది. మేం ఆడేది రెండో ఎడిషన్. 2024లో మూడోది వచ్చిందని తెలుసు, కానీ మా దగ్గరున్న పుస్తకాలు పాతవే, కొత్తవి కొనే స్తోమత ఇప్పుడైతే లేదు.

నాది 14వ సైన్యం, అంటే బర్మా రంగంలో బ్రిటిష్ ఇండియన్ సైన్యం, 1944. ఎదురుగా మా బావ, జపాన్. మూడు ఆటలు ఆడాం, మూడూ ఓడాను. మొన్నటిది మరీ ఘోరం, నాలుగో టర్న్‌కే టేబుల్ ఖాళీ. అక్క వచ్చి "అప్పుడే అయిపోయిందా, అయితే కూరలు తీసుకురండి" అంది.

నా లిస్ట్ (1000 పాయింట్లలో కొన్న సైన్యం) ఇదీ. వెటరన్ (అనుభవం ఉన్న, ఖరీదైన రకం) ఫస్ట్ లెఫ్టినెంట్ 90. పది మందితో వెటరన్ సెక్షన్లు నాలుగు, ఒక్కోదాంట్లో బ్రెన్ గన్ (లైట్ మెషిన్ గన్), 150 చొప్పున 600. మిగిలిందంతా ఒక లీ ట్యాంక్. బ్రిటిష్ వాళ్లకి ఉచితంగా వచ్చే ఆర్టిలరీ అబ్జర్వర్ (టేబుల్ బయటి ఫిరంగుల గుండ్లు రప్పించేవాడు) ఒకడు.

అన్నీ మంచివే తీసుకున్నాను కదా, మరి ఎందుకు ఓడిపోతున్నాను? వచ్చే నెల కోహిమా టెన్నిస్ కోర్టు సినారియో (1944లో ఆ కోర్టుకి ఇటూ అటూ జరిగిన పోరు) ఆడాలని బావ అంటున్నాడు. అప్పటికైనా పరువు నిలిచే లిస్ట్ కావాలి.

పాచికలరావు

తమ్ముడూ, ముందు ఒక్క ప్రశ్న. సంచిలో నీ డైస్ ఎన్ని, మీ బావవి ఎన్ని?

కొత్త_సుబేదార్

నావి 7 అన్నా. బావవి 14.

పాచికలరావు

అయితే జవాబు అక్కడే ఉంది.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం కూడా చెబుతాను. ఇందులో నువ్వొక టర్న్, నేనొక టర్న్ అని ఉండదు. ఒక్కో దళానికి ఒక ఆర్డర్ డై. ఇద్దరి డైస్ ఒకే సంచిలో వేస్తారు. చెయ్యి పెట్టి ఒకటి తీస్తే ఎవరి రంగు వస్తే వాళ్లు ఒక దళానికి ఆర్డర్ ఇస్తారు. కాల్చు, ముందుకెళ్లు, పరిగెత్తు, మాటు వెయ్యి, కూడగట్టుకో, పడుకో: ఈ ఆరింట్లో ఒకటి.

21 డైస్‌లో నీవి 7. మొదట తీసింది నీది కావడానికి మూడింట ఒక వంతు అవకాశం. మొదటి మూడూ మీ బావవే కావడానికి 27 శాతం, అంటే సుమారు నాలుగు టర్న్‌లకోసారి నువ్వు నోరు తెరిచేలోపే ఆయన మూడు పనులు చేసేస్తాడు. ఇంకో బాధ, నీ ఏడూ అయిపోయాక ఆయన మిగతావన్నీ తీరిగ్గా ఆడుకుంటాడు. నీ మనిషి ఎక్కడున్నాడో అప్పటికి ఆయనకి తెలిసిపోయి ఉంటుంది. ఆర్డర్ అయిపోయిన దళం తన మీదకి దూకేవాడిని ఎదురు కాల్చలేదు కూడా. జపాన్‌తో ఆడేటప్పుడు అది ప్రాణం మీదకొచ్చే విషయం.

1000 పాయింట్లకి 12 నుంచి 14 డైస్ ఉండాలని నా లెక్క. 10 కంటే తగ్గితే నేను టేబుల్ దగ్గరికే రాను.

డల్లాస్_శీను

రావు గారి మాట సగం ఒప్పుకుంటాను. డైస్ తక్కువ, నిజమే. కానీ వెటరన్లు తప్పు కాదు, లెక్క చూడండి.

రెగ్యులర్ (మామూలు) సైనికుడు 10 పాయింట్లు, వెటరన్ 13. తూటా తగిలాక రెగ్యులర్‌ని చంపాలంటే పాచిక మీద 4 ఆపైన పడాలి, వెటరన్‌ని చంపాలంటే 5 ఆపైన. అంటే సగటున రెగ్యులర్ చావడానికి రెండు హిట్లు, వెటరన్‌కి మూడు. 30 శాతం ఎక్కువ డబ్బుకి 50 శాతం ఎక్కువ ఆయుష్షు. ఇది బేరం కాదా?

పాచికలరావు

ఆయుష్షు వరకు బేరమే శీను గారూ. కానీ కాల్చేటప్పుడు తూటా తగలాలంటే వెటరనూ 3 ఆపైనే, రెగ్యులరూ 3 ఆపైనే. 130 పాయింట్లకి వెటరన్ తుపాకులు 10, రెగ్యులర్ తుపాకులు 13. పైగా ఈ ఆటలో దళాల్ని చంపేది చావులకంటే పిన్‌లు, అంటే కాల్పులకి గురైన దళం మీద పెట్టే బెదురు గుర్తులు. ఎన్ని తూటాలు తగిలినా ఒక దళం కాల్చినందుకు ఒక పిన్నే. కాబట్టి పిన్‌లు వేసేది తుపాకుల సంఖ్య కాదు, దళాల సంఖ్య.

సుబేదార్ తమ్ముడి సెక్షన్ మీద మూడు దళాలు కాల్చాయనుకోండి. మూడు పిన్‌లు. వెటరన్ మొరేల్ (ధైర్యం అంకె) 10, మూడు తీస్తే 7. ఆర్డర్ పాటించాలంటే రెండు పాచికల మీద 7 గానీ అంతకంటే తక్కువ గానీ పడాలి, ఆ అవకాశం 58 శాతం. 150 పాయింట్ల దళం, దాదాపు సగం సార్లు నేల కరుచుకుని పడుకుంటుంది. పక్కనే ఆరంగుళాల్లో లెఫ్టినెంట్ ఉంటే 9 అవుతుంది, అప్పుడు 83 శాతం. మరి ఆ లెఫ్టినెంట్ ఎక్కడున్నాడు?

కొత్త_సుబేదార్

ట్యాంక్ వెనక దాక్కున్నాడు అన్నా.

డల్లాస్_శీను

😂 సరే, నేను సగం వెనక్కి తీసుకుంటున్నా. అన్నీ వెటరన్లు వద్దు. దూకి కొట్లాడాల్సిన ఒకటి రెండు సెక్షన్లు మాత్రం వెటరన్లుగా ఉంచు. స్థలం పట్టుకుని కూర్చునేవాళ్లు రెగ్యులర్లు చాలు.

సాపర్_మనవడు

నమస్తే. ఆట సంగతి నాకు అంతంతే, చరిత్ర పిచ్చి ఎక్కువ. కోహిమా అన్నారు కాబట్టి వచ్చాను.

కోహిమా యుద్ధం 1944 ఏప్రిల్ 4 నుంచి జూన్ 22 వరకు. ముట్టడిలో చిక్కుకున్నది సుమారు 2,500 మంది, అందులో పోరాడలేనివాళ్లు కూడా ఉన్నారు. ఎదురుగా జపాన్ 31వ డివిజన్. ఆదుకోవడానికి వచ్చిన 161వ ఇండియన్ బ్రిగేడ్‌లో ఒక బ్రిటిష్ పటాలం (4వ రాయల్ వెస్ట్ కెంట్), రెండు భారతీయ పటాలాలు (1/1 పంజాబ్, 4/7 రాజ్‌పుత్) ఉన్నాయి. వీటిలో వెస్ట్ కెంట్ పటాలం దాదాపు మొత్తం లోపల ఇరుక్కుంది, మిగతా బ్రిగేడ్ రెండు మైళ్ల దూరంలో జోత్సోమా దగ్గర ఆగింది. ఆ జోత్సోమా నుంచే మౌంటెన్ గన్‌లు, అంటే విడదీసి కంచరగాడిదల మీద మోసుకెళ్లే 3.7 అంగుళాల హోవిట్జర్లు, రాత్రీ పగలూ ముట్టడిలో ఉన్నవాళ్ల చుట్టూ గుండ్లు కురిపించాయి. లోపలివాళ్లు బతికి బట్టకట్టడంలో సగం పుణ్యం ఆ ఫిరంగులదే అని నా అభిప్రాయం.

అందుకని మీ లిస్ట్‌లో నాకు నచ్చినది ఒక్కటే, ఆ ఉచిత అబ్జర్వర్. ఆయనకి తోడు టేబుల్ మీద ఒక లైట్ హోవిట్జర్ పెట్టండి.

ట్యాంక్ అంటారా, టెన్నిస్ కోర్టులోకి లీ ట్యాంక్ దిగిన మాట నిజమే. కానీ అది మే 13న, కొండ చరియల మీద దారి తొలిచాక. ఏప్రిల్ ఆట ఆడుతుంటే ట్యాంక్ లేదు. గూర్ఖా బొమ్మలు పెయింట్ చేస్తుంటే అదీ చెబుతున్నా: ఏప్రిల్‌లో 161వ బ్రిగేడ్‌లో గూర్ఖా పటాలం లేదు, మేలో 33వ బ్రిగేడ్‌తో వచ్చారు.

కొత్త_సుబేదార్

సాపర్ గారూ, గూర్ఖాలు నిజంగానే పెయింట్ చేస్తున్నాను. 12 మంది అయిపోయారు కూడా. 😢

లక్ష్మీ_బ్రష్

తమ్ముడూ ఏడవకు, మే నెల ఆట ఆడండి. ట్యాంకూ వస్తుంది, గూర్ఖాలూ వస్తారు.

నేను ఆడేది తక్కువ, టేబుల్ తయారుచేసేది ఎక్కువ. టెన్నిస్ కోర్టు లెక్క ఒకటి చెప్తా, లిస్ట్‌కి పనికొస్తుంది. నిజం కోర్టు 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు. మన 28 మిల్లీమీటర్ల బొమ్మలు 56వ వంతు స్కేల్ అనుకుంటే కోర్టు దాదాపు 17 అంగుళాలు, వెడల్పు 8 కంటే కాస్త తక్కువ. ఆరడుగుల టేబుల్ మీద అదొక చాప ముక్కంత. రైఫిల్ 24 అంగుళాలు కాలుస్తుంది, అంటే ఏ మూల నుంచి ఏ మూలకైనా అందుతుంది. టామీ గన్ (సబ్‌మెషిన్ గన్) 12 అంగుళాలు, అడ్డంగా దాటుతుంది, నిలువుగా దాటదు. అక్కడ రెండు వైపులవాళ్లూ కోర్టుకి ఇటూ అటూ నిలబడి గ్రెనేడ్లు విసురుకున్నారంటే ఎందుకో కొలిస్తే అర్థమవుతుంది.

కోర్టు బయట అంతా చెట్లు, మెట్ల కొండ, పగిలిన గోడలు. అక్కడ పది అంగుళాల అవతల ఏదీ కనిపించకుండా పెడతాను నేను. నురగ అట్టతో మెట్లు కోసి, కొబ్బరి పీచుతో పొదలు. రెండు ఆదివారాల పని.

డల్లాస్_శీను

లక్ష్మి గారి టేబుల్ అదైతే బ్రెన్ గన్‌లు తీసెయ్. సీరియస్‌గానే అంటున్నాను.

బ్రెన్‌కి 20 పాయింట్లు. కాల్చేది 4 షాట్లు. కానీ దానికి ఇద్దరు కావాలి, లోడర్ తన రైఫిల్ కాల్చడు. ఆ ఇద్దరూ రైఫిళ్లు పట్టుకుంటే 2 షాట్లు ఎలాగూ వస్తాయి. అంటే 20 పాయింట్లు పెట్టి కొన్నది అదనంగా 2 షాట్లు, కాస్త దూరం. అదే 20కి ఇంకో ఇద్దరు రెగ్యులర్లు వస్తారు: 2 షాట్లు, పైగా చావడానికి రెండు ప్రాణాలు. అడవిలో దూరం ఎవడికి కావాలి?

సాపర్_మనవడు

అయ్యా, బ్రెన్ లేని సెక్షన్ సెక్షనే కాదు! ఆ సెక్షన్ కట్టిందే బ్రెన్ చుట్టూ. మిగతావాళ్లు దానికి మ్యాగజైన్లు మోసేవాళ్లు. లెక్కల కోసం బ్రెన్ పీకేస్తే ఇక అది లూడో.

పాచికలరావు

ఇద్దరూ ఆగండి. సెక్షన్‌కో బ్రెన్ పెట్టి ఆడనిద్దాం, ఆటే చెబుతుంది. నేను ఒకటి కూర్చాను, అన్నీ రెండో ఎడిషన్ ధరలు.

రెగ్యులర్ ఫస్ట్ లెఫ్టినెంట్ 75, తోడు ఒకడు 10. పది మందితో రెగ్యులర్ సెక్షన్లు మూడు, బ్రెన్‌లతో, 120 చొప్పున 360. ఎనిమిది మందితో వెటరన్ సెక్షన్లు రెండు, బ్రెన్ లేకుండా, 104 చొప్పున 208. ఐదు సెక్షన్ల నాయకులకీ టామీ గన్, 3 చొప్పున 15. మీడియం మోర్టార్ 50, దానికి స్పాటర్ (ఎక్కడ వెయ్యాలో చూసి చెప్పేవాడు) 10. స్నైపర్ 50. మీడియం మెషిన్ గన్ 50. లైట్ హోవిట్జర్ 50. ఫ్లేమ్‌త్రోవర్ (మంట చిమ్మే ఆయుధం) 50. పియాట్ (ట్యాంకుల్ని కొట్టే ఆయుధం) 40. మెడిక్ 23. అబ్జర్వర్ ఉచితం.

మొత్తం 991. డైస్ 14. సెక్షన్లలో మనుషులు 46, నీ పాత లిస్ట్ కంటే ఆరుగురు ఎక్కువ. వదులుకున్నది ట్యాంక్, ఒక బ్రెన్, కొందరి వెటరన్ హోదా. ఇది ఏప్రిల్‌కి సరిపోతుంది, గూర్ఖాలని తర్వాత చూద్దాం.

రెండు సెక్షన్లు కోర్టు పట్టుకుంటాయి. ఒకటి వాటి వెనక. వెటరన్ సెక్షన్లు రెండూ పక్క అడవిలోంచి వస్తాయి. మెషిన్ గన్ కోర్టు పొడవునా చూస్తుంది. లెఫ్టినెంట్ కోర్టు దగ్గరి రెండు సెక్షన్లకి ఆరంగుళాల్లో ఉంటాడు, ట్యాంక్ వెనక కాదు. మోర్టార్ పని చంపడం కాదు, పొద వెనక కూర్చున్నవాణ్ణి లేపడం. మొదటి టర్న్‌లో 6 పడితేనే తగులుతుంది, అదే చోట వేస్తూ ఉంటే 5, 4 అని సులువవుతుంది కాబట్టి కదలకుండా కూర్చున్నవాడికి అది శాపం.

కొత్త_సుబేదార్

అన్నా, మీ కాళ్లకి దండం. ఒక సందేహం. మెడిక్ తుపాకీ పట్టడు కదా, 23 పాయింట్లు ఎందుకు?

పాచికలరావు

ఆయన కూడా ఒక డై. ఏం చెయ్యాలో తోచనప్పుడు మెడిక్‌ని కదిపి, మీ బావ ముందు బయటపడేదాకా కాచుకో. అతి చవకైన ఆలోచించే సమయం అది.

లక్ష్మీ_బ్రష్

మా అమ్మ పేకాటలో చేసే పని ఇదే. చేతిలో చెత్త ముక్క ఒకటి ఎప్పుడూ ఉంచుకుంటుంది.

జపాన్_బావ

నమస్కారం. ఆ బావని నేనే. మా బామ్మర్ది స్క్రీన్ తెరిచి వదిలేసి టీకి వెళ్లాడు.

ఎదుటివాడిగా నా మాట కూడా వినండి. పాత లిస్ట్‌తో మావాడు ఆడుతుంటే నాకు భయం వేసింది ఒక్క అబ్జర్వర్‌కే. ఎప్పుడు పడుతుందో, ఎక్కడ పడుతుందో తెలియదు, కాబట్టి నా పెద్ద దళాలని చెదరగొట్టి ఉంచాల్సి వచ్చేది. ట్యాంక్‌ని పట్టించుకోలేదు. దాని ముందు చెట్లున్నాయి, నేను చెట్ల వెనక ఉన్నాను.

కొత్త లిస్ట్‌లో నాకు చిరాకు పుట్టించేది ఫ్లేమ్‌త్రోవర్. ఆరంగుళాలే కాలుస్తుంది, నిజమే, కానీ నా సైన్యం బతికేదే ఆరంగుళాల్లో. మావాళ్లు ఫెనటిక్‌లు, సగం మంది పోయినా మొరేల్ టెస్ట్ లేదు, కాబట్టి ఊరికే కాల్చి పారిపోయేలా చేస్తానంటే కుదరదు. దగ్గరకొచ్చి చంపాలి, లేదా నిండా పిన్‌లు వేసి పడుకోబెట్టాలి.

పియాట్ మాత్రం నా కోసమే పెట్టారు కాబోలు. నా దగ్గర చి-హా ట్యాంక్ ఒకటుంది, తెస్తానో లేదో చెప్పను.

డల్లాస్_శీను

ఇదేం అన్యాయం, శత్రువు మన గుడారంలో కూర్చుని టీ తాగుతున్నాడు.

సాపర్_మనవడు

ఫ్లేమ్‌త్రోవర్ గురించి ఒక ముక్క. ఆనాటి బ్రిటిష్ ఫ్లేమ్‌త్రోవర్ ఇంధన డబ్బా గుండ్రంగా ఉండేది, అందుకే సైనికులు దాన్ని లైఫ్‌బాయ్ (నీళ్లలో తేలడానికి వేసుకునే రింగు) అనేవాళ్లు. పెయింట్ చేసేవాళ్లు వీపు మీద సిలిండర్లు పెట్టకండి, టైరు లాంటిది పెట్టండి.

అడగకపోయినా చెబుతున్నాను, మా తాతయ్య మద్రాస్ సాపర్స్ (సైనిక ఇంజనీర్ల దళం)లో బర్మా వెళ్లారు. యుద్ధం గురించి అడిగితే కాల్పుల మాటే ఎత్తేవారు కాదు, వంతెనలు కట్టాం అనేవారంతే. 1944 డిసెంబర్‌లో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,154 అడుగుల బెయిలీ వంతెన (ముక్కలుగా తెచ్చి బిగించే ఇనుప వంతెన) వేశారు, అప్పటికి ప్రపంచంలో అంత పొడవైన బెయిలీ వంతెన లేదు. తాతయ్య కట్టిన వాటిలో అదీ ఉందో లేదో అడగాలన్న ఆలోచన నాకు వచ్చేసరికి ఆయన లేరు. మీ లెఫ్టినెంట్ పక్కన నిలబడే ఆ ఒక్క 10 పాయింట్ల మనిషికి పార పట్టుకున్న బొమ్మ పెడితే సంతోషిస్తాను.

కొత్త_సుబేదార్

తప్పకుండా సాపర్ గారూ. పార ఉన్న బొమ్మ దొరకలేదు, కాగితం క్లిప్పు వంచి చేస్తాను.

కొత్త_సుబేదార్

ఆట అయింది! ఆరు టర్న్‌లు పూర్తిగా ఆడాం. డ్రా.

అక్క భోజనానికి పిలిస్తే "ఇంకా అవలేదు" అన్నాను, ఈ ఆటలో ఆ మాట అనడం మొదటిసారి.

ఏం జరిగిందంటే, మొదటి రెండు టర్న్‌లు బావ కదల్లేదు, నా డైస్ అయ్యేదాకా చూద్దామని. నేను మెడిక్‌ని, స్నైపర్‌ని, అబ్జర్వర్‌ని ముందు ఆడుకుంటూ పోయాను. చివరికి ఆయనే ఓపిక పట్టలేక పెద్ద దళాన్ని కోర్టులోకి తోలాడు. అప్పటికి నా రెండు సెక్షన్లకీ ఆర్డర్ ఇవ్వలేదు, ఆయన బయల్దేరింది ఆరంగుళాల కంటే దూరం నుంచి, కాబట్టి ఎదురు కాల్చాను. 15 మందిలో కోర్టు దాటి వచ్చింది ఆరుగురు. దగ్గర పోట్లాటలో వాళ్లూ పోయారు, నా సెక్షన్లో నలుగురు మిగిలారు.

హోవిట్జర్ అదిరింది. ఫ్లేమ్‌త్రోవర్ మాత్రం ఒక్కసారి కాల్చాక 1 పడి ఇంధనం అయిపోయింది. కానీ అది టేబుల్ మీద ఉన్నంతసేపూ బావ ఆ పక్కకి రాలేదు. మెడిక్ ఒక్కణ్ణి కూడా బతికించలేదు. పియాట్ దండగ, చి-హా తేలేదు.

పక్క అడవిలో నా వెటరన్లు బాగానే కొట్లాడారు, ఎనిమిది మందే కదా, కోర్టు చేరేసరికి ముగ్గురు. ఇంకో ఇద్దరు చొప్పున ఉంటే గెలిచేవాణ్ణి. బ్రెన్‌లలో కోర్టు వైపు చూసింది ఒకటే పనిచేసింది. మిగతా రెండూ పొదల్ని కాల్చాయి.

డల్లాస్_శీను

నేను చెప్పలా?

సాపర్_మనవడు

ఒకటి పనిచేసింది అంటున్నాడు కదండీ.

జపాన్_బావ

కోర్టు వైపు బ్రెన్ నా ఎనిమిది మందిని తీసింది. దాన్ని ఎవరూ ముట్టుకోకండి, ముట్టుకుంటే నాకే మంచిది.

పాచికలరావు

అయితే ఒక బ్రెన్ ఉంచి రెండు తీసెయ్ తమ్ముడూ. 40 మిగులుతాయి, పాతవి 9, మొత్తం 49. వెటరన్ సెక్షన్లు రెండిటినీ పది మంది చెయ్యాలంటే నలుగురు కావాలి, 13 చొప్పున 52. మూడు తక్కువ.

లక్ష్మీ_బ్రష్

వెనక నిలబడే సెక్షన్ నాయకుడికి టామీ గన్ ఎందుకు? వాడు ఆట మొత్తంలో 12 అంగుళాల్లో ఎవణ్ణీ చూడలేదు. రైఫిల్ ఇచ్చెయ్.

పాచికలరావు

సరిగ్గా 1000.

కొత్త_సుబేదార్

వాడి చేతిలో టామీ గన్ అతికించేశాను అక్కా. సరే, ఇవాళ రాత్రి బ్లేడుతో కోస్తాను. బావా, ఆదివారం పదింటికి. చి-హా తెస్తున్నావా లేదా?

జపాన్_బావ

పియాట్ ఉంచు.